ఆకారం వెనక కారణం

క్యాడ్ ఉద్యోగం ఇచ్చేవాళ్లు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏయే సాఫ్ట్‌వేర్లు వచ్చు?" దానికి జవాబు సులువు. ఆటోక్యాడ్ వచ్చు, సాలిడ్‌వర్క్స్ వచ్చు, క్రియో కొంత వచ్చు, కాటియా కోర్సు చేశాను. ఇందులో అబద్ధమేమీ ఉండదు. సర్టిఫికెట్లు ఉంటాయి, కమాండ్లు నోటికొచ్చి ఉంటాయి. అసలు సంగతి రెండో ప్రశ్న దగ్గర తేలుతుంది. "మీరు చేసిన ఈ పార్ట్‌లో ఈ రంధ్రం 5 మి.మీ. పక్కకి జరగాలి. దాంతోపాటు ఇంకేమేం జరగాలి? ఏది ఉన్నచోటే ఉండాలి?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ మెనూలోనూ ఉండదు. ఆ రంధ్రం అక్కడే ఎందుకు పెట్టారో ఆలోచించినవాళ్ల దగ్గర ఉంటుంది. మన పాలిటెక్నిక్‌ల నుంచీ ఇంజనీరింగ్ కాలేజీల నుంచీ వచ్చే పిల్లలకు చురుకుదనం తక్కువేమీ కాదు. ఇచ్చిన బొమ్మను చూసి గంటలో త్రీడీ మోడల్ చేసి చూపిస్తారు. కానీ వాళ్లకు ఎప్పుడూ ఎవరో ఒకరు కొలతలు వేసి ఇచ్చిన బొమ్మనే చేతికిచ్చారు. ఆ కొలతలు ఎలా పుట్టాయో ఎవరూ చెప్పలేదు. వాళ్లకు దక్కాల్సిన చదువులో సగం అక్కడే ఆగిపోయింది. మిగిలిన సగం ఇప్పుడైనా అందాలని ఈ అధ్యాయం రాస్తున్నాను.

చెప్పదలచింది ఒక్కటే. కంప్యూటర్ ఆకారాన్ని భద్రపరుస్తుంది. ఆ ఆకారం వెనక ఉన్న కారణాన్ని అందులోకి ఎక్కించాల్సింది ఇంజనీరు. కారణం ఎక్కించిన మోడల్ మార్పు వచ్చినా నిలబడుతుంది. ఎక్కించనిది మొదటి మార్పుకే విరిగిపోతుంది.

గీతల అలవాటు, సంబంధాల అలవాటు

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్‌ను తన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంగా సమర్పించాడు. టీఎక్స్-2 అనే కంప్యూటర్ తెర మీద లైట్ పెన్‌తో గీతలు గీయవచ్చు. అప్పటికి అదే అద్భుతం. అంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. "ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి", "ఈ రెండూ ఒకే పొడవుండాలి" అని షరతు పెడితే, బొమ్మను ఎటు లాగినా ఆ షరతును కంప్యూటరే కాపాడేది. అంటే క్యాడ్ పుట్టినరోజునే కారణం చెప్పే దారి కూడా పుట్టింది.

1982లో వచ్చిన ఆటోక్యాడ్ ఆఫీసు బల్ల మీది చిన్న కంప్యూటర్‌లోకే డ్రాయింగును తెచ్చింది. అప్పటిదాకా డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, ట్రేసింగ్ పేపర్, ఇంకు పెన్ను. తప్పు గీత పడితే బ్లేడుతో గీకి దిద్దుకోవాలి. ఆ శ్రమ తీరింది. కానీ తెర మీద కూడా గీత గీతగానే ఉండిపోయింది. పక్క గీతతో తనకేం సంబంధమో దానికి తెలియదు. 1980ల చివర వచ్చిన ప్రో-ఇంజనీర్ ఘనాకారాలను ఒక వరుస క్రమంలో కట్టి, ప్రతి కొలతనూ తర్వాత ఎప్పుడైనా మార్చుకునే విలువగా చేసింది. దాని వారసుడే నేటి క్రియో. 1995లో సాలిడ్‌వర్క్స్ అదే పద్ధతిని మామూలు విండోస్ కంప్యూటర్‌లోకి తెచ్చింది.

ఇప్పుడు చాలామంది చేతిలో ఉన్నది సంబంధాల సాఫ్ట్‌వేర్, మనసులో ఉన్నది గీతల అలవాటు. ఈ అలవాటు మార్చుకోవడమే మన పని. కింది మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కండి.

మొదటి మెట్టు: మౌస్ ముట్టుకునే ముందు నాలుగు ప్రశ్నలు

ఒక చిన్న పని తీసుకుందాం. మిర్యాలగూడలోనో తాడేపల్లిగూడెంలోనో ఒక రైస్ మిల్లు. అందులో ధాన్యం మోసే కన్వేయర్. దాని షాఫ్టును పట్టి ఉంచడానికి ఒక బేరింగ్ హౌసింగ్ కావాలి. షాఫ్టు 25 మి.మీ., బేరింగ్ 6205. బజారులో ఏ బేరింగ్ షాపులో అడిగినా దొరికే నంబరు ఇది: లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మి.మీ.

సాఫ్ట్‌వేర్ తెరవకండి. ఒక తెల్లకాగితం మీద నాలుగు ప్రశ్నలు రాయండి.

ఒకటి, దీని మీద బరువు ఎటునుంచి పడుతుంది, ఎక్కడికి పోతుంది? షాఫ్టు నుంచి బేరింగ్‌కి, బేరింగ్ నుంచి హౌసింగ్‌కి, అక్కడి నుంచి బోల్టులకి, బోల్టుల నుంచి ఫ్రేముకి. ఈ దారిని బాణాలతో గీయండి.

రెండు, ఇది దేనితో కలుస్తుంది? లోపల బేరింగ్, వెనక ఫ్రేము ప్లేటు, ముందు కవర్. కలిసే చోట కొలత మన ఇష్టం కాదు, అవతలి వస్తువు చెబుతుంది.

మూడు, దీన్ని ఎలా తయారు చేస్తారు? పోత పోసి బోర్ చేస్తారా, దిమ్మ నుంచి లేత్ మీద తీస్తారా, ప్లేట్లు వెల్డింగ్ చేస్తారా? ఒక్కొక్క పద్ధతికి ఒక్కొక్క ఆకారం సహజం.

నాలుగు, రేపు ఏది మారవచ్చు? మిల్లు యజమాని కెపాసిటీ పెంచమంటాడు. షాఫ్టు 30 అవుతుంది, బేరింగ్ 6206 అవుతుంది. అంటే 30, 62, 16. ఈ మార్పు రావడానికి ఎక్కువ అవకాశం ఉంది. ఫ్రేము మారే అవకాశం తక్కువ.

పది నిమిషాలు పడుతుంది. ఈ పది నిమిషాల్లో మీరు చేసిందే డిజైన్. ఆ తర్వాత తెర మీద చేసేది దాన్ని నమోదు చేయడం.

రెండో మెట్టు: అంకెలకు బదులు సంబంధాలు రాయడం

ఇప్పుడు మోడల్ మొదలుపెట్టండి. గీతల అలవాటున్నవాళ్లు 52 బోర్, 72 బయటి వ్యాసం, 100 బోల్ట్ సర్కిల్, 130 ఫ్లాంజ్ అని నాలుగు అంకెలు వరసగా టైపు చేస్తారు. బొమ్మ సరిగ్గానే వస్తుంది. కానీ ఆ నాలుగు అంకెలకూ ఒకదానితో ఒకదానికి పరిచయం లేదు.

సంబంధాల అలవాటున్నవాళ్లు ఇలా రాస్తారు. బోర్ అంటే బేరింగ్ బయటి వ్యాసం. హౌసింగ్ బయటి వ్యాసం అంటే బోర్‌కి రెండువైపులా 10 మి.మీ. గోడ. బోల్ట్ సర్కిల్ అంటే హౌసింగ్ చుట్టూ ఎం10 బోల్టుకి స్పానర్ తిరిగేంత చోటు, వ్యాసంలో 28 ఎక్కువ. ఫ్లాంజ్ అంటే బోల్ట్ సర్కిల్ కంటే 30 ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌లో ఈక్వేషన్స్, పారామీటర్స్ అని ఉండే చోట ఇవి చేరతాయి. బేరింగ్ వ్యాసం 52 అంటే అవే 72, 100, 130 వస్తాయి. దాన్ని 62 చేస్తే 82, 110, 140 వాటంతటవే వస్తాయి.

స్కెచ్ దశలో మూడు నియమాలు ఎప్పుడూ తప్పకండి. మొదటిది, స్కెచ్‌ను పూర్తిగా కట్టేయండి. సాలిడ్‌వర్క్స్‌లో నీలం గీత అంటే ఇంకా కదలగలదని, నలుపు అంటే కుదురుకుందని అర్థం. నీలం మిగిల్చి ముందుకు పోవడమంటే ఒక నిర్ణయాన్ని తీసుకోకుండా వదిలేయడం. రెండోది, పార్ట్ ఒక కేంద్రం చుట్టూ సమంగా ఉంటే ఆ కేంద్రాన్నే ఆరిజిన్ మీద పెట్టండి. మూడోది, కొలతను పని జరిగే చోటు నుంచి వేయండి. ఇక్కడ పని జరిగేది బేరింగ్ అక్షం దగ్గర. కాబట్టి బోల్టు రంధ్రాల దూరాన్ని ఆ అక్షం నుంచి చెప్పాలి. గీయడానికి వీలుగా ఉందని ఫ్లాంజ్ అంచు నుంచి చెబితే, అంచు మారినప్పుడు రంధ్రాలు కూడా దాని వెంట పోతాయి.

ఫీచర్ల వరుస కూడా ముఖ్యమే. ముందు ప్రధాన దేహం, తర్వాత బోరు, రంధ్రాలు, చివర్న ఫిల్లెట్లు, చాంఫర్లు. చిన్న ఫిల్లెట్‌ను మొదట్లోనే పెట్టి దాని అంచు మీద తర్వాతి పని కడితే, రేపు ఆ ఫిల్లెట్ తీసేసిన రోజు ఫీచర్ ట్రీ నిండా ఎర్ర గుర్తులు పడతాయి. పేర్లు పెట్టడం మరవకండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే "కట్-ఎక్స్‌ట్రూడ్ 17" అనే పేరు ఎవరికీ ఏమీ చెప్పదు. "బేరింగ్ సీటు", "ఫ్రేము బోల్టులు" అని ఉంటే మీ తర్వాత ఆ ఫైల్ తెరిచినవాళ్లకు దారి తెలుస్తుంది.

మూడో మెట్టు: మార్పు పరీక్ష

మోడల్ పూర్తయిందని అనిపించిన క్షణంలో దాన్ని మీరే పరీక్షించండి. బేరింగ్ వ్యాసం 52 తీసి 62 పెట్టండి. 40 పెట్టండి. మళ్లీ 52కి తెండి. ఎక్కడా విరగకుండా రూపం మారి తిరిగి వస్తే సగం నెగ్గారు.

మిగతా సగం అర్థం చేసుకోవడానికి మన మిల్లుకే వెళదాం. కొత్త కన్వేయరైతే 62 పెట్టగానే బోల్ట్ సర్కిల్ 110 కావడం సరైనదే. కానీ పాత కన్వేయర్‌కి మార్పు చేస్తున్నాం అనుకోండి. ఫ్రేము ప్లేటులో 100 మి.మీ. సర్కిల్ మీద రంధ్రాలు ఇప్పటికే వేసి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం మీరిచ్చిన ఈక్వేషన్ ప్రకారం 110 చేసి, ఎర్ర గుర్తు ఒక్కటీ లేకుండా చూపిస్తుంది. ఆ హౌసింగ్ తయారై మిల్లుకు వెళ్లాక ఒక్క బోల్టూ ఎక్కదు.

ఇక్కడ సంబంధాన్ని తిరగరాయాలి. బోల్ట్ సర్కిల్‌ను నిర్ణయించేది ఇప్పుడు ఫ్రేము, కాబట్టి 100 స్థిరం. హౌసింగ్ బయటి వ్యాసం 82 అవుతోంది గనుక, బోల్టు కేంద్రం నుంచి హౌసింగ్ గోడకి 50లోంచి 41 పోగా 9 మి.మీ. మిగులుతుంది. మామూలు షట్కోణ తల బోల్టుకి స్పానర్ తిరగదు. ఎం10 అలెన్ బోల్టు తల వ్యాసం 16, అంటే కేంద్రం నుంచి 8. దాన్ని తల లోపలి నుంచి బిగిస్తారు కాబట్టి చుట్టూ చోటు అక్కర్లేదు. ఒక్క మి.మీ. ఖాళీతో సరిపోతుంది. అంతకంటే ఖాళీ కావాలంటే గోడ మందం తగ్గించవచ్చా అని బలం లెక్క చూసుకోవాలి.

ఈ నిర్ణయాల్లో సాఫ్ట్‌వేర్ తీసుకున్నది ఒక్కటీ లేదు. కానీ మీరు తీసుకోవాల్సిన నిర్ణయం ఎక్కడుందో కొన్ని క్షణాల్లో చూపించింది. ఇంజనీర్లు క్యాడ్‌ను వాడే అసలు తీరు ఇదే. ఇలా చేస్తే ఏమవుతుంది, అలా చేస్తే ఏమవుతుంది అని ఇనుము కోయకముందే అడిగి చూసుకుంటారు.

నాలుగో మెట్టు: చేసేవాళ్లతో మాట్లాడే డ్రాయింగ్

తెర మీద 52 అంటే 52.000. లేత్ మీద తీసిన ఇనుములో అలాంటి 52 ఎక్కడా ఉండదు. కొంచెం ఎక్కువో తక్కువో ఉంటుంది. ఎంత ఎక్కువ తక్కువలు మనకు ఫరవాలేదో చెప్పడమే టాలరెన్స్. ఇదే డ్రాయింగ్‌కు ప్రాణం.

మన హౌసింగ్ బోరుకి 52 హెచ్7 అని రాస్తే, అది 52.000 నుంచి 52.030 మధ్య ఉండాలని అర్థం. తిరిగే షాఫ్టు మీద బేరింగ్ లోపలి రింగు జారకుండా బిగువుగా కూర్చోవాలి కాబట్టి అక్కడ 25 కె6 రాస్తాం. అంటే 25.002 నుంచి 25.015. ఈ రెండు చోట్లా మైక్రాన్ల లెక్క అవసరం. ఫ్లాంజ్ బయటి వ్యాసం 130కి ఆ అవసరం లేదు. అది దేనితోనూ కలవదు. ఐఎస్ఓ 2768 మధ్యమ శ్రేణి అని డ్రాయింగ్ మీద ఒక్క ముక్క రాస్తే, 120 నుంచి 400 మి.మీ. మధ్య కొలతలకు 0.5 అటూ ఇటూ సరిపోతుందని వర్క్‌షాప్‌కి తెలుస్తుంది. ఎం10 బోల్టుకి 11 మి.మీ. రంధ్రం పెడితే ఒక మి.మీ. వెసులుబాటు ఉంటుంది.

అన్ని కొలతలకూ గట్టి టాలరెన్స్ పెట్టేసి జాగ్రత్తపడ్డామనుకోవడం కొత్తవాళ్లలో ఎక్కువ. దాని ఖర్చు వర్క్‌షాప్ భరిస్తుంది, తర్వాత మీ కంపెనీ భరిస్తుంది. గ్రైండింగ్ అవసరంలేని చోట గ్రైండింగ్ జరుగుతుంది, బాగున్న ముక్క తిరస్కరణకు గురవుతుంది. ఎక్కడ గట్టిగా ఉండాలో, ఎక్కడ వదులుగా ఉండవచ్చో తేల్చి చెప్పడం ఇంజనీరు బాధ్యత.

ఇది నేర్చుకోవడానికి పుస్తకం కంటే మంచి చోటు వర్క్‌షాప్. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక మిల్లింగ్ మెషిన్ దగ్గర మీ డ్రాయింగ్ పట్టుకుని నిలబడండి. పదేళ్లు, ఇరవయ్యేళ్లు మెషిన్ మీద ఉన్న మనిషి అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: "సార్, లోపటి మూల గింత షార్ప్‌గ పెట్టిన్రు. కట్టర్ గుండ్రంగ ఉంటది గద, మూల ఎట్లొస్తది?" ఆ ప్రశ్నకు నొచ్చుకోకండి. "ఎంత రేడియస్ ఇస్తే మీకు వీలవుతుందన్నా?" అని అడగండి. "మాకాడ ఏ కట్టర్లున్నయో చూసి పెడితే మంచిది సార్. గీడ ఆరు రేడియస్ పెట్టున్రి, ఒక్కసారికే అయితది." ఆ రెండు వాక్యాల్లో ఉన్నది ఒక పూర్తి పాఠం. మీ తర్వాతి మోడల్‌లో ఆ మూలకి 6 మి.మీ. రేడియస్ ఉంటుంది, అది ఎందుకుందో మీకు తెలిసి ఉంటుంది.

డ్రాయింగ్ ఎవరు చదువుతారో కూడా గుర్తుంచుకోండి. మన దేశంలో ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ నేర్పుతారు, అమెరికాలో థర్డ్ యాంగిల్ వాడతారు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కట్టడాలకు స్టీల్ డీటైలింగ్ చేసేవాళ్లకు అడుగులు, అంగుళాలు, థర్డ్ యాంగిల్ రోజువారీ భాష. టైటిల్ బ్లాక్‌లో ప్రొజెక్షన్ గుర్తు, యూనిట్లు స్పష్టంగా లేకపోతే ఒకే కాగితాన్ని ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు.

ఐదో మెట్టు: రంగుల బొమ్మను నమ్మే ముందు లెక్క వేయడం

ఇప్పటి క్యాడ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో బలం లెక్కించే సిమ్యులేషన్ కూడా ఉంటుంది. నీలం అంటే నిశ్చింత, ఎరుపు అంటే ప్రమాదం అని తెర రంగులు పులుముతుంది. ఆ రంగుల్లో ఒక ఆకర్షణ ఉంది. చూడగానే నమ్మబుద్ధేస్తుంది.

1991 ఆగస్టు 23న నార్వేలో, స్టవాంగర్ దగ్గరి గాండ్స్‌ఫ్యోర్డ్‌లో, స్లైప్నర్-ఏ అనే చమురు వేదికకు పునాదిగా కట్టిన భారీ కాంక్రీటు నిర్మాణం నీటిలో దించి పరీక్షిస్తుండగా పగిలి మునిగిపోయింది. ప్రాణనష్టం జరగలేదు. విచారణలో తేలిన ముఖ్య కారణం ఇది: మూడు గదులు కలిసే చోటి గోడలకు కంప్యూటర్ విశ్లేషణలో వాడిన మెష్ సరిగ్గా లేదు. అక్కడి షియర్ స్ట్రెస్‌ను అది ఉండాల్సినదానికంటే 47 శాతం తక్కువగా చూపింది. దాన్ని నమ్మి గోడలో ఇనుము చాలినంత వేయలేదు. తర్వాత జాగ్రత్తగా చేసిన లెక్క 62 మీటర్ల లోతులో విరుగుతుందని చెప్పింది. అసలు విరిగింది 65 మీటర్ల దగ్గర. అంటే ఆ పనిముట్టుకు నిజం చెప్పే శక్తి ఉంది. ప్రశ్న అడిగిన తీరులో లోపం ఉంది.

అందుకే సిమ్యులేషన్ బటన్ నొక్కేముందు కాగితం మీద ఒక ముతక లెక్క వేయండి. ఒక చివర బిగించిన ప్లేటు, పొడవు 100 మి.మీ., వెడల్పు 50, మందం 10. రెండో చివర 1000 న్యూటన్ల బరువు. వంపు మొమెంట్ 1,00,000 న్యూటన్-మి.మీ. సెక్షన్ మాడ్యులస్, వెడల్పును మందం వర్గంతో గుణించి 6తో భాగిస్తే, సుమారు 833. స్ట్రెస్ చదరపు మి.మీ.కి 120 న్యూటన్లు. సాఫ్ట్‌వేర్ 110 నుంచి 130 మధ్య చెబితే నమ్మి ముందుకెళ్లండి. 12 చెప్పినా 1200 చెప్పినా ఆగండి. యూనిట్లలోనో, బిగించిన చోటులోనో, బరువు దిశలోనో ఏదో తప్పింది. పదునైన లోపలి మూల దగ్గర మెష్ సన్నం చేసేకొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంటే, అది ఆ మూల ఆకారం వల్ల వచ్చిన అంకె అని గుర్తించండి. అక్కడ నిజంగా ఉండే రేడియస్‌ను మోడల్‌లో పెట్టి మళ్లీ చూడండి.

ఆరో మెట్టు: పదిమంది కలిసి ఒకే మోడల్ మీద

ఒంటరిగా పనిచేసే క్యాడ్ ఇంజనీరు అరుదు. ఒకరి హౌసింగ్‌లో మరొకరి షాఫ్టు, మూడో మనిషి ఫ్రేము. బోయింగ్ 777 విమానాన్ని పూర్తిగా కంప్యూటర్ మీదే డిజైన్ చేశారు. వాడింది కాటియా. వేరువేరు బృందాల భాగాలను తెర మీదే కలిపి, ఏది దేనికి అడ్డొస్తోందో ముందే చూసుకున్నారు. మొదట్లో కంపెనీకే పూర్తి నమ్మకం లేక ముక్కు భాగానికి నిజమైన నమూనా ఒకటి కట్టించింది. తెర మీది అమరికతో అది బాగా సరిపోవడంతో మిగతా నమూనాలు కట్టడం మానేసింది. 1994 జూన్ 12న ఆ విమానం మొదటిసారి ఎగిరింది.

అదే రంగంలో ఇంకో పాఠం ఎయిర్‌బస్ ఏ380. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైర్లు. జర్మనీ, స్పెయిన్ కేంద్రాలు కాటియా నాలుగో వెర్షన్‌లో ఉండగా, ఫ్రాన్స్, బ్రిటన్ కేంద్రాలు ఐదో వెర్షన్‌కి మారిపోయాయి. రాగి బదులు కొన్నిచోట్ల అల్యూమినియం వైర్లు వాడారు. వాటిని వంచడానికి నియమాలు వేరు. ఒక వెర్షన్‌లోని మార్పులూ నియమాలూ రెండోదాంట్లోకి సరిగ్గా చేరలేదు. హాంబర్గ్ నుంచి టూలూజ్‌కి వచ్చిన విమాన భాగాల్లో వైర్ల కట్టలు సరిపోలేదు. వాటిని మళ్లీ చేయాల్సి వచ్చింది. సుమారు రెండేళ్ల ఆలస్యంతో 2007 అక్టోబరులో మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి చేరింది. అక్కడ పనిచేసినవాళ్లు నేర్పులో ఎవరికీ తీసిపోరు. ఆకారాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లాయి, వాటి వెనక నియమాలు దారిలో జారిపోయాయి.

మీ స్థాయిలో దీనికి మూడు అలవాట్లు చాలు. ఫైళ్లకు ఫైనల్, ఫైనల్-2, లేటెస్ట్ ఫైనల్ అని పేర్లు పెట్టడం ఈ రోజే ఆపేయండి. పార్ట్ నంబరు, రివిజన్ అక్షరం పెట్టండి. రివిజన్ మారిన ప్రతిసారీ ఏం మారిందో, ఎవరు అడిగారో, ఎందుకు మారిందో ఒక వాక్యం రాయండి. అవతలి బృందానికి ఫైల్ పంపేటప్పుడు ఏ వెర్షన్, ఏ యూనిట్లు అన్నది అడిగించుకోకుండా చెప్పండి.

ఏడో మెట్టు: చిన్న మార్పే కదా అనిపించినప్పుడు

ఈ మెట్టు దగ్గర కాస్త నిదానించమని కోరుతున్నాను. ఇందులో ఉన్నవి ప్రాణాలు.

1981 జులై 17న అమెరికాలో కాన్సాస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్‌లో, హాలు మీదుగా వేలాడుతున్న రెండు నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి దిగిన ఒకే పొడవాటి ఇనుప కడ్డీ నాలుగో అంతస్తు వంతెనను దాటి కింద రెండో అంతస్తు వంతెన దాకా వెళ్తుంది. ఆ రెండూ విడివిడిగా కడ్డీనే పట్టుకుని వేలాడతాయి. అంత పొడవు కడ్డీకి మర వేయడం, నట్టు ఎక్కించడం కష్టమని తయారీ దశలో దాన్ని రెండు ముక్కలు చేశారు. పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దాకా ఒకటి, అక్కడి నుంచి రెండో అంతస్తు దాకా ఇంకొకటి. కాగితం మీద చూస్తే ఆకారం దాదాపు అదే. కానీ ఇప్పుడు కింది వంతెన కడ్డీకి బదులు పై వంతెన దూలానికి వేలాడుతోంది. పై దూలం కింద ఉన్న నట్టు మీద ఒక వంతెన బరువుకి బదులు రెండు వంతెనల బరువు పడింది. మొదటి డిజైనే నగర నిర్మాణ నిబంధనలు కోరిన బలంలో సుమారు 60 శాతమే మోయగలదని విచారణలో తేలింది. మార్పుతో అది సగమైంది. ఆ మార్పును ఎవరూ లెక్క వేసి చూడలేదు. డ్రాయింగుల మీద ఆమోదం మాత్రం పడింది.

మొదటి మెట్టులో బరువు దారిని బాణాలతో గీయమన్నది ఇందుకే. మార్పు వచ్చినప్పుడల్లా ఆ బాణాలను మళ్లీ గీయండి. "తయారీకి వీలుగా కొంచెం మారుస్తాం" అని వర్క్‌షాప్ అడగడం న్యాయమే, వాళ్ల మాట వినాలి. విన్నాక ఆ మార్పుతో బరువు ఏ దారిన పోతుందో చూసి చెప్పాల్సింది మీరు. ఈ రోజు సాఫ్ట్‌వేర్‌లో అలాంటి మార్పు చేయడానికి పట్టే సమయం అర నిమిషం. చేయడం ఎంత తేలికైతే ఆలోచించడం అంత తప్పనిసరి. సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇది మారడం వల్ల ఇంకెవరి మీద భారం పెరిగింది?

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

మీరు వెళ్లదలచిన రంగం చెబుతుంది. భవన నిర్మాణమైతే ఆటోక్యాడ్, రెవిట్. స్టీల్ కట్టడాలైతే టెక్లా, స్టాడ్ ప్రో. విమానాలు, కార్లు అయితే కాటియా, ఎన్ఎక్స్. యంత్రాలు, పరికరాలైతే సాలిడ్‌వర్క్స్, క్రియో, ఇన్వెంటర్. డబ్బు పెట్టలేకపోతే ఫ్రీక్యాడ్ ఉచితం, సంబంధాల అలవాటు దాంట్లోనూ చక్కగా నేర్చుకోవచ్చు. టూల్స్, డైల తయారీతో కలిపి నేర్చుకోవాలనుకునేవాళ్లకు 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి చోటు మనకు దగ్గర్లోనే ఉంది. ఒకటి లోతుగా నేర్చుకుంటే రెండోదానికి కొద్ది వారాలు చాలు. అయిదింటిని పైపైన నేర్చుకుంటే ఆరోది కూడా పైపైనే వస్తుంది.

ఈ నెలలో చేయాల్సినవి

మొదటి వారం: ఇంట్లో ఉన్న ఒక వస్తువు తీసుకోండి. కుక్కర్ హ్యాండిల్, గడియ, సైకిల్ స్టాండు, ఏదైనా సరే. వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ప్రతి కొలత పక్కనా అది అంతే ఎందుకుందో ఒక వాక్యం రాయండి. తెలియకపోతే ఖాళీ వదిలి, తెలుసుకుని నింపండి.

రెండో వారం: దాన్ని మోడల్ చేయండి. స్కెచ్‌లో నీలం గీత ఒక్కటీ మిగలకూడదు, ప్రతి ఫీచర్‌కూ పేరు ఉండాలి, ముఖ్యమైన కొలతలు ఈక్వేషన్లతో కట్టి ఉండాలి. తర్వాత మార్పు పరీక్ష పెట్టండి.

మూడో వారం: టాలరెన్స్‌లతో డ్రాయింగ్ తీసి ఒక టర్నర్‌కో ఫిట్టర్‌కో చూపించండి. "దీన్ని చేయడానికి మీకు ఎక్కడ ఇబ్బంది?" అని అడిగి, వాళ్లు చెప్పింది రాసుకుని, దిద్ది, రివిజన్ మార్చి, కారణం రాయండి.

నాలుగో వారం: ఆ ఫైల్‌ను ఒక స్నేహితుడికి పంపి ఒక మార్పు చేయమనండి. మీరు పక్కన కూర్చోకండి, ఏమీ వివరించకండి. అతను మీకు ఒక్కసారి కూడా ఫోన్ చేయకుండా, ఏది కదలాలో ఏది కదలకూడదో ఫైల్ చూసే తెలుసుకుని సరిగ్గా మార్చగలిగితే, మీ ఆలోచన ఆ మోడల్‌లోకి చేరినట్టే. ఎక్కడైనా ఆగి ఫోన్ చేశాడా, మీరు చెప్పకుండా దాచిన కారణం అక్కడుంది. దాన్ని ఎక్కించి, ఇంకొకరికి పంపండి.